మీదే ఊరు?

హైదరాబాద్‌లో పాతికేళ్లుగా ఉంటున్నవారినెవరినైనా ‘మీదే ఊరండీ?’ అని అడిగి చూడండి. హైదరాబాద్ అని చెప్పరు. తెనాలి దగ్గర పల్లెటూరనో, సూర్యాపేట పక్కన అనో, రాజాం అవతల అనో చెబుతారు. ఇల్లు ఇక్కడే, రేషన్ కార్డు ఇక్కడే, పిల్లలు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఊరు మాత్రం వేరే!

సరే, వాళ్లంటే బతుకుతెరువుకు వచ్చినవాళ్లు. నాచారంలోనో, మాదాపూర్‌లోనో తాతల కాలం నుంచి ఉంటున్నవాళ్ల తలుపు తట్టి ఇదే ప్రశ్న వేయండి. వాళ్లూ హైదరాబాద్ అనరు. ‘మాది నాచారమే’ అంటారు. ఆ ఇంట్లో డెబ్భై దాటిన అవ్వ ఉంటే, చార్మినార్ దగ్గర గాజులు కొనడానికి బయల్దేరుతూ ‘పట్నం పోయొస్త బిడ్డా’ అంటుంది. చుట్టూ అయిదంతస్తుల మేడలు, వీధి చివర మెట్రో రైలు... అయినా ఆమె లెక్కలో పట్నం ఇంకా అల్లంత దూరానే ఉంది.

వినగానే నవ్వొస్తుంది. కానీ ఈ మహానగరం ఎలా తయారైందో తెలిస్తే అవ్వ మాటే నిజానికి దగ్గరగా ఉందనిపిస్తుంది.

1591లో కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించడానికి ముందు ఆ పక్కనే చిచలం అనే ఊరుండేదని చరిత్రకారులు చెబుతారు. అంటే నగరం మొదలైందే ఒక ఊరిని కలుపుకొని. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. పాత మునిసిపల్ కార్పొరేషన్ విస్తీర్ణం దాదాపు 170 చదరపు కిలోమీటర్లు. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ చేసినప్పుడు అది ఒక్కసారిగా 650కి చేరింది. 2025 డిసెంబరులో మరో 27 మునిసిపాలిటీలు, కార్పొరేషన్లు వచ్చి కలిశాయి. పేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. కూకట్‌పల్లి, బోయిన్‌పల్లి, మారేడ్‌పల్లి, చిలకలగూడ, యూసుఫ్‌గూడ, చింతలకుంట, బోరబండ, గచ్చిబౌలి... పల్లె, గూడెం, కుంట, బండ, బావి. సిటీ బస్సు కండక్టరు కేకలు వింటే తాలూకాఫీసులో గ్రామాల జాబితా చదువుతున్నట్టే ఉంటుంది!

పేర్లేనా, ఊళ్లు కూడా ఉన్నాయా? ఉన్నాయి. చూడటం తెలియాలి. విశాలమైన రోడ్డు మీద పోతుంటే ఒకచోట ఉన్నట్టుండి దారి సన్నబడుతుంది. గల్లీలు వంకర తిరుగుతాయి. ఇళ్ల గోడలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. హనుమంతుడి గుడి, రావిచెట్టు, ఓ మూల పీర్ల చావిడి కనిపిస్తాయి. కారు వెనక్కి తీయడానికి కూడా చోటుండదు. ‘ఈ సందులేంటిరా బాబూ’ అని విసుక్కుంటాం. నిజానికి అది సందు కాదు... అసలు ఊరు! రెవెన్యూ భాషలో గ్రామకంఠం. చుట్టూ ఉన్న పొలాలు లేఅవుట్లయి, కాలనీలయి, టవర్లయ్యాయి గానీ, నడుమ ఊరు ఊరిలాగే మిగిలింది. హైదరాబాద్ ఊళ్లను మింగేసిందంటారు. జరిగింది అది కాదు. ఊరికీ ఊరికీ మధ్య ఖాళీని నింపేసింది, అంతే.

ఇందులో తమాషా ఒకటుంది. మాదాపూర్‌లో శిల్పారామం ఉంది. 1992లో తలపెట్టిన కళాగ్రామం. అక్కడి గ్రామీణ మ్యూజియంలో మట్టి ఇళ్లు, ఎడ్లబండి, కుమ్మరి చక్రం చూడటానికి జనం టికెట్టు కొనుక్కుని వెళతారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచాక ఆ దారంతా సాఫ్ట్‌వేర్ కంపెనీలే. అసలు మాదాపూర్ ఊరు అక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది. దాన్ని చూడటానికి మాత్రం ఎవరూ వెళ్లరు, టికెట్టు లేకపోయినా!

బొడ్రాయి ఎక్కడ?

పాత ఊరి నట్టనడుమ ఒక రాయి ఉంటుంది. పసుపు కుంకుమలు పూసి, చిన్న గద్దె కట్టి ఉంచుతారు. అదే బొడ్రాయి. మనిషికి బొడ్డు ఎలాగో, ఊరికి ఆ రాయి అలాగన్నమాట. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసినకొద్దీ రాయి కిందికి దిగిపోతుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ గద్దె ఎత్తు పెంచుతారు. కొన్నాళ్లకు పెద్దలంతా కూర్చుని కొత్తగా ప్రతిష్ఠ చేయాలని తీర్మానిస్తారు. నగర శివార్లలో ఇప్పటికీ జరుగుతున్న పండగ ఇది. ఇంటికింత అని చందా వేసుకుంటారు. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. అరవై ఏళ్ల కిందట అత్తారింటికి వెళ్లిన ఆమె కూడా మనవలతో వచ్చి పుట్టింటివాళ్లు పెట్టిన చీర కట్టుకుని బిందెతో నీళ్లు తెచ్చి రాయికి పోస్తుంది.

పండగలో భాగంగా పొలిమేర చుట్టూ పొలి చల్లి ఊరిని కట్టడి చేస్తారు. మరి నగరంలో పొలిమేర ఎక్కడుంటుంది? కొత్తవాళ్లకు ఎటు చూసినా ఒకటే కాంక్రీటు. పెద్దవాళ్లకు మాత్రం తెలుసు. ఫలానా పెట్రోలు బంకు దాటితే పక్క ఊరు. ఫలానా మలుపు దగ్గర ఒకప్పుడు వాగుండేది, అదే హద్దు. గూగుల్ మ్యాపులో లేని గీత వాళ్ల కాళ్లకు గుర్తుంటుంది.

ఊరంటే రాయి ఒక్కటే కాదు కదా... మనుషులు. పాత బస్తీల్లో ఇంటి నంబరు పట్టుకుని ఇల్లు వెతకడమంత కష్టం మరోటి లేదు. ఎనిమిది బై మూడు బై... అంటూ ఆ ‘బై’లకు అంతుండదు. అదే పేరు చెబితే చాలు. ‘ఎవరు, పెద్దాయన రెండో కొడుకా? పొద్దున్నే డ్యూటీకి పోయిండు, ఇంట్ల అక్క ఉంటది పో’ అని కిరాణా దుకాణం ముందు కూర్చున్నాయన అడగని వివరం కూడా చెబుతాడు. నల్లా వచ్చే వేళకు బిందెలు వరసలో ఉంటాయి. మనిషి లేకపోయినా బిందె స్థానం మారదు. ‘వదినె దవఖానకు పోయింది, ఆమె బిందె నేను నింపుత’ అని ఓ గొంతు వినిపిస్తుంది. ఎవరింట్లోనైనా పెద్దప్రాణం పోతే కబురు పెట్టాల్సిన పనిలేదు. గల్లీలో టెంటు వేసేవాడు, కుర్చీలు తెచ్చేవాడు, పక్కింట్లో పొయ్యి మీద అన్నం ఎసరు పెట్టేది... ఎవరికి వారే కదులుతారు.

అలాగని ఊరంటే అంతా తియ్యదనమే అనుకోకూడదు. అదే ఊళ్లో కొందరి ఇళ్లు ఊరవతల వాడలోనే ఉండేవి. అక్కడి నుంచి తప్పించుకోవడానికే నగరానికి వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. పేరు అడగకుండా పని ఇచ్చింది, కులం అడగకుండా చాయ్ పోసింది ఈ నగరమేనని వాళ్లు చెబుతారు. కానీ ఇల్లు అద్దెకు అడిగితే మాత్రం, అడ్వాన్సు సంగతి కంటే ముందు ‘మీరేమిట్లు?’ అని ఆరా తీసే యజమానులు ఇప్పటికీ ఉన్నారు. ఊరి నుంచి మూటగట్టుకుని తెచ్చుకున్నవాటిలో అదీ ఒకటి. దాన్ని ఊళ్లోనే వదిలేసి వస్తే బాగుండేది.

సెల్లార్‌లో బతుకమ్మ

అపార్టుమెంట్లలో ఊరు ఉండదంటారు. ఆ మాటా పూర్తి నిజం కాదు. వంద ఫ్లాట్ల కాంప్లెక్సులో ఎదురింటాయన పేరు తెలియకపోవచ్చు. దసరా ముందు తొమ్మిది రోజులు మాత్రం సెల్లార్‌లో కార్లు పక్కకు జరుగుతాయి. గునుగు, తంగేడు పూలు దొరక్కపోతే బంతిపూలతోనైనా బతుకమ్మ పేరుస్తారు. కరీంనగర్ కోడలికి పాట వస్తుంది, కాకినాడ కోడలికి రాదు. మూడో రోజుకి ఇద్దరి అడుగూ కలుస్తుంది. సంక్రాంతికి అదే సెల్లార్‌లో గొబ్బెమ్మలు. పేడ ఎక్కడి నుంచి తేవాలన్నదే సమస్య. దానికి వాచ్‌మనే దిక్కు. ఆ కాంప్లెక్సులో వంద ఇళ్లవాళ్లూ పేరుపెట్టి పిలిచే మనిషి, వంద ఇళ్ల సంగతులూ తెలిసిన మనిషి వాచ్‌మన్ ఒక్కడే. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చి మెట్లకింద గదిలో ఉంటాడు. అతను నాలుగు రోజులు సొంతూరికి వెళితే తెలుస్తుంది, ఆ వంద ఇళ్లను కలిపి ఉంచిందెవరో.

పొద్దున రైలెక్కితే...

నగరంలో ఊళ్లున్నట్టే, ఊళ్లలోనూ నగరం ఉంది. దాన్ని చూడాలంటే తెల్లవారుజామున సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లాలి. వికారాబాద్, షాద్‌నగర్, భువనగిరి, జనగామల వైపు నుంచి వచ్చే ప్యాసింజర్లు, పుష్‌పుల్ రైళ్లు ఒక్కొక్కటే వచ్చి ఆగుతాయి. కిటికీ ఊచలకు వేలాడే పాలక్యాన్లు, గోనెసంచుల్లో ఆకుకూరలు, సీజనైతే గంపల్లో సీతాఫలాలు. వాటి వెనక సీజన్ టికెట్ మనుషులు. గుమాస్తాలు, నర్సులు, టీచర్లు, బట్టల షాపులో పనిచేసే పిల్లలు, మేస్త్రీలు. సికింద్రాబాద్‌కు 80 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న జనగామ నుంచి కూడా రోజూ వచ్చి వెళ్లేవాళ్లున్నారు. ‘అప్ అండ్ డౌన్ చేస్తున్నాం’ అంటారు. ఇరవై ఏళ్ల జీవితం ఆ మూడు ముక్కల్లో ఇమిడిపోతుంది.

ఆ పెట్టె కూడా ఒక ఊరే. ఎవరి చోటు వారిదే. భువనగిరిలో ఎక్కే ఆమెకు జనగామలో ఎక్కినామె చున్నీ పరిచి సీటు ఆపుతుంది. ఒకరి టిఫిన్ డబ్బాలో సర్వపిండి నలుగురూ తుంచుకుంటారు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పిల్లల సంబంధాల సంగతి మాట్లాడుకుంటారు. వారం రోజులు ఎవరైనా కనిపించకపోతే ఫోన్ చేసి మరీ కనుక్కుంటారు. ఆఫీసులో పక్క టేబుల్ మనిషి అడగని ప్రశ్న రైల్లో పక్క సీటు మనిషి అడుగుతుంది.

2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లు చాలాకాలం ఫలక్‌నుమా, లింగంపల్లి మధ్యే తిరిగాయి. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కు, శంషాబాద్ దగ్గరి ఉందానగర్‌కు, 2024 మార్చిలో ఘట్‌కేసర్‌కు కూడా వచ్చాయి. రైలు వెళ్లినచోటికి ప్లాట్లూ వెళతాయి. స్టేషన్ బయట బ్రోచర్లు పంచే కుర్రాళ్లను చూస్తే తదుపరి ఏ ఊరు నగరంలో కలవబోతోందో ఇట్టే తెలిసిపోతుంది!

కలవడమంటే ఎంత వేగమో మణికొండ, నార్సింగి చెబుతాయి. 2018 దాకా అవి గ్రామ పంచాయతీలు. ఆ ఏడాది మునిసిపాలిటీలయ్యాయి. 2025 డిసెంబరులో మహానగరంలో కలిసిపోయాయి. ఏడేళ్లలో మూడు బోర్డులు! ఆ పక్కనే కోకాపేట. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం ధర వంద కోట్లు దాటింది. ఒక తరం వెనక అదే నేల మీద జొన్నలు పండించుకున్నవాళ్లలో, చాలా ముందే లక్షలకు అమ్ముకున్నవాళ్లకు ఆ వార్త చదివిన పూట అన్నం ఎలా సహించి ఉంటుందో!

డబ్బు సంగతి అలా ఉంచితే, పోయింది మరొకటుంది. వీధి దీపం వెలగకపోతే పొద్దున్నే సర్పంచి ఇంటి అరుగు మీద కూర్చుని ‘ఏం సంగతి?’ అని అడగొచ్చు. ఆయన తప్పించుకోలేడు. సాయంత్రం అదే చాయ్ హోటల్ దగ్గర మళ్లీ కనబడాల్సిందే. కార్పొరేషన్‌కు యాప్ ఉంది, ఫిర్యాదు నంబరు ఉంది. అరుగు లేదు. పంచాయతీల్లో పైరవీలు లేవా, కమీషన్లు లేవా అంటే... ఉన్నాయి. చెరువు శిఖం భూముల్లో ప్లాట్లు వేయడానికి చాలాచోట్ల కళ్లు మూసుకున్నదీ వాళ్లే. కాకపోతే, ఎవరు కళ్లు మూసుకున్నారో ఊరందరికీ తెలిసేది.

కట్ట లేని మైసమ్మ

ఊళ్లు కలిసిపోవడంలో అన్నింటికంటే ఎక్కువ నష్టపోయినవి చెరువులే. ఆషాఢంలో గోల్కొండ జగదంబతో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, లాల్‌దర్వాజ సింహవాహిని అంటూ నెలంతా బోనాల పండగే. టీవీలో వాటినే చూస్తాం. గల్లీ గల్లీలో పోచమ్మలు, ఎల్లమ్మలు, మైసమ్మలు కెమెరాలకు అందరు. ఆ అమ్మవార్ల గుళ్లు ఎక్కడున్నాయో గమనిస్తే, నగరం మరచిపోయిన నీటి జాడలన్నీ దొరుకుతాయి. బల్కంపేట ఎల్లమ్మ నేల మట్టానికి కింద, బావిలో కొలువైంది. చుట్టూ పొలాలున్న రోజుల నాటి బావి అది. కట్టమైసమ్మ అంటే చెరువు కట్టను కాపాడే తల్లి. హైదరాబాద్‌లో కట్టమైసమ్మ గుళ్లు ఎన్నో. వాటిలో చాలావాటి దగ్గర ఇప్పుడు కట్ట లేదు, చెరువూ లేదు. తల్లి మాత్రం ట్రాఫిక్ మధ్యలో, లేని చెరువుకు కాపలా కాస్తోంది.

ఈ ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు. అది నిండితే దాని కిందిదానికి. చివరికి మూసీలోకి. ప్రతి ఊళ్లో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి, కట్ట ఎక్కడ తడుస్తోంది... అతని పని అదే. వానపడిన రాత్రి ఊరంతా నిద్రపోయినా నీరటి లాంతరు పట్టుకుని కట్ట మీద ఉండేవాడు. నగరానికి ఇప్పుడు కృష్ణా నీళ్లు 2004 నుంచి, గోదావరి నీళ్లు 2015 నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తున్నాయి. నీళ్లు అంతదూరం నుంచి వస్తుంటే ఊరి చెరువుతో పనేముంది? నీరటితో పనేముంది?

పని ఉందని 2020 అక్టోబరు వానలు చెప్పాయి. పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగాయి. దక్షిణం వైపు కాలనీలు నీట మునిగాయి. మనుషులు కొట్టుకుపోయారు. నీళ్లు ఇళ్లలోకి వచ్చాయని అంతా అన్నారు. పాతకాపులు మాత్రం నీళ్ల దారిలోకే ఇళ్లు వెళ్లాయన్నారు. మునిగిన కాలనీల్లో ఉన్నది ఎక్కువగా కాయకష్టం చేసుకునేవాళ్లు. చవగ్గా వస్తోందని గజాల లెక్కన కొనుక్కున్న చోటు ఒకప్పటి నీటి బాటని వాళ్లకు చెప్పేవాళ్లెవరు? చెప్పగలిగిన ఊరి పెద్దలను ఎవరూ అడగలేదు. అమ్మినవాళ్లకు చెప్పాల్సిన అవసరం లేదు.

కొత్తగా కలిసిన 27 పట్టణాల్లో చాలావాటికి ఇంకా చెరువులున్నాయి. వాటిలో ఒకటైన అమీన్‌పూర్ పెద్దచెరువుకు పక్షులు తరలి వస్తాయి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. బోర్డు పెట్టినంత తేలిక కాదు, మత్తడి కింది కాలువను ఏటా శుభ్రంగా ఉంచడం. ఆ పని ఇంతకాలం మంచికో చెడుకో ఊరి కళ్లముందు జరిగేది. ఇక సర్కిల్ ఆఫీసులో ఫైలు కదిలితే జరుగుతుంది.

పోయింది పోయినట్టే అనుకోవాల్సిన పనీ లేదు. బాగ్ అంబర్‌పేటలో బతుకమ్మకుంట అని ఒకటుంది. పేరే చెబుతుంది, ఆడబిడ్డలు బతుకమ్మలు వదిలిన కుంట అని. ఏళ్ల తరబడి చెత్త, ఇళ్లు పడగొట్టిన మట్టి పోసి పూడ్చేశారు. పిచ్చిమొక్కలు మొలిచాయి. కేసులు నడిచాయి. చిన్నపిల్లలకు అదో బస్తీ పేరు, అంతే. 2025 ఫిబ్రవరిలో హైడ్రా యంత్రాలతో తవ్వించడం మొదలుపెడితే కొద్ది లోతులోనే నీళ్లు ఉబికాయి. పైపేదో పగిలి ఉంటుందన్నవాళ్లూ ఉన్నారు. పైపు కాదు, కుంటే! ఆ సెప్టెంబరులో, బతుకమ్మ పండగ రోజుల్లో, కట్ట మీద మళ్లీ పాటలు వినిపించాయి. తల్లుల నోట కుంట పేరు వినడమే తప్ప నీళ్లు చూడని ఆడపిల్లలు మెట్లు దిగి, తంగేడు పూల బతుకమ్మలను మెల్లగా ముందుకు తోశారు.